9 వాట్ల బల్బు స్విచ్ మాడిపోతోంది, మార్చితే సరిపోతుందా?

మల్లెపందిరి:
అందరికీ నమస్కారం. పడకగదిలో లైటు స్విచ్ ఒకటి ఇబ్బంది పెడుతోంది. వేసినప్పుడు చిటపటమని శబ్దం వస్తోంది, బల్బు మిణుకు మిణుకుమంటోంది. మీటను వేలితో కాస్త నొక్కి పట్టుకుంటే నిలకడగా వెలుగుతుంది, వదిలితే మళ్ళీ మొదలు. బల్బు పాడైందేమోనని వేరేది పెట్టి చూశాను, తేడా లేదు. స్విచ్ కింది అంచు తెల్లగా ఉండేది కాస్తా గోధుమరంగుకు తిరిగింది. దగ్గరికి వెళ్తే ప్లాస్టిక్ కాలిన వాసన సన్నగా వస్తోంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. అది 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. అంత చిన్న బల్బుకు స్విచ్ కాలడమేమిటి? కొత్తది తెచ్చి బిగిస్తే సరిపోతుందా, లోపల ఇంకేమైనా చూడాలా? ఫ్యాన్ రెగ్యులేటర్ ఇంతకుముందు నేనే మార్చాను కాబట్టి ఈ పని మరీ కొత్తేమీ కాదు. కానీ ఆ వాసన చూస్తే టెన్షన్‌గా ఉంది.

చిన్నరెంచి:
స్విచ్ లోపల స్ప్రింగు వీక్ అయిపోయి ఉంటుందక్కా. కాంటాక్టు సరిగ్గా ఆనకపోతే ఇలాగే చిటపటమంటుంది. 6 ఆంపియర్ల వన్ వే స్విచ్ ఒకటి తెచ్చుకోండి. వెనకాల రెండే టెర్మినళ్ళు ఉంటాయి. ఒకదాంట్లో ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, ఇంకోదాంట్లో బల్బుకు పోయే వైరు. అటూ ఇటూ మారినా ఏమీ కాదు. మెయిన్ ఆపేసి మార్చేయడమే.

దారిదీపం:
లోపలి కాంటాక్టు అరిగి ఉండొచ్చు, కాదనను. కానీ 9 వాట్ల బల్బుతో అంచు మాడే దాకా రావడం కుదరదు. 230 వోల్టుల దగ్గర 9 వాట్లంటే దాదాపు 0.04 ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ తక్కువున్న, అంటే వాట్లకు తగ్గదానికంటే ఎక్కువ కరెంటు లాగే బల్బైనా 0.1 దాటదు. 6 ఆంపియర్లు మోయగలిగిన స్విచ్‌కు అదసలు లెక్కలోకే రాదు. అంటే ఆ స్విచ్ దగ్గర బల్బుది కాని కరెంటు ఏదో వెళ్తోంది.

ఆ బోర్డు మీద ఇంకేమున్నాయో చెప్పగలరా? పక్కన సాకెట్ ఉందా? ఉంటే దాంట్లో ఏం పెడుతున్నారు? వాసన ఎప్పుడు ఎక్కువగా వస్తోంది, లైటు వేసినప్పుడా, సాకెట్ వాడినప్పుడా? ఇది తేలేవరకు ఆ బోర్డు మీద ఏదీ వాడకండి.

మల్లెపందిరి:
బోర్డు మీద లైటు స్విచ్, ఫ్యాన్ స్విచ్, రెగ్యులేటర్, ఒక సాకెట్, దాని స్విచ్ ఉన్నాయి. సాకెట్‌లో రోజూ పొద్దున ఇస్త్రీపెట్టె పెడతాం, 1000 వాట్లది. మీరు అడిగాక ఆలోచిస్తే, వాసన ఇస్త్రీ చేసేటప్పుడే వస్తోంది. అప్పుడు పగలే కాబట్టి లైటు వేసి ఉండదు కూడా. లైటు ఆపి ఉన్నప్పుడు లైటు స్విచ్ ఎలా కాలుతుందండీ?

తీగలపని:
మల్లెపందిరి గారూ, నేను చేసేది ఇదే పని. మీ బోర్డు కథ దాదాపు అర్థమైంది కానీ విప్పి చూశాకే చెప్తాను. విప్పే ముందు ఒక విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. మెయిన్ దించితే బోర్డులో కరెంటు పోయినట్టే అనుకోవద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, మీరు మెయిన్ దించిన మరుక్షణం కరెంటు పోయిందనుకుని అది అందుకుంటుంది. సాకెట్‌కు కరెంటు లేదని చూసి లైటు స్విచ్‌లో చెయ్యి పెడతారు. పక్కనే ఫ్యాన్ స్విచ్‌లో నిండా కరెంటు ఉంటుంది. ఒకే బోర్డుకు రెండు వేర్వేరు ఎంసీబీల (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్‌ల) నుంచి వైర్లు రావడం కూడా మామూలే.

అందుకని ముందు మెయిన్, తర్వాత ఇన్వర్టర్ రెండూ ఆపండి. ఇంట్లో అందరికీ చెప్పండి, ఎంసీబీ మీద టేపు అంటించండి, ఎవరో తెలియక పైకి ఎత్తేయకుండా. ఆ తర్వాత కొలవండి.

కొలిచే పద్ధతి కూడా ముఖ్యం. మీ మల్టీమీటరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి 230 చూపిస్తోందా చూడండి. అప్పుడు బోర్డులో ప్రతి టెర్మినల్‌నూ న్యూట్రల్‌తో (కరెంటు తిరిగి వెళ్ళే వైరుతో), ఎర్తుతో కొలవండి. అంతా సున్నా వచ్చాక మీటరును మళ్ళీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడండి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోయినా, తీగ ఊడినా సున్నాయే చూపిస్తుంది. ఆ సున్నాను నమ్మి చెయ్యి పెట్టకూడదు. టెస్టర్ ఒక్కదాని మీద ఆధారపడకండి. అందులో నియాన్ బల్బు వెలగాలంటే మీ ఒంట్లోంచి సన్నని కరెంటు నేలకు వెళ్ళాలి. పొడి చెక్క మీదో, రబ్బరు చెప్పులతోనో నిలబడితే సరిగ్గా వెలగకపోవచ్చు, ఎండ వెలుతురులో వెలిగినా కనపడదు.

పాతగడియారం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. విదేశాల్లో ఉండి చదువుతున్నవాళ్ళు అక్కడి నిబంధన చూసుకోండి. ఆస్ట్రేలియాలో స్విచ్ మార్చడం కూడా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి, సొంత ఇల్లయినా సరే. కొన్ని చోట్ల ఇంటివాళ్ళను మార్చుకోనిస్తారు.

వైరు రంగులు కూడా దేశాన్ని బట్టి మారతాయి. యూరప్ పద్ధతిలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. భారతదేశంలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, నలుపు న్యూట్రల్. అంటే ఒకచోట న్యూట్రల్ అయిన నీలం ఇంకోచోట ఫేజు, ఒకచోట ఫేజు అయిన నలుపు ఇంకోచోట న్యూట్రల్. రంగు చూసి వైరేదో అంచనా వేసుకోవచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు.

మల్లెపందిరి:
ఈరోజు విప్పాను. తీగలపని గారు చెప్పినట్టు ఒక్కొక్కటే ఆపుతూ కొలిచాను. మెయిన్ దించాక సాకెట్‌లో సున్నా, లైటు స్విచ్‌లో సున్నా. ఫ్యాన్ స్విచ్‌లో మాత్రం 228! ఒళ్ళు ఝల్లుమంది. ఇన్వర్టర్ ఆపాక అదీ సున్నా అయింది. మీరు ముందే చెప్పకపోతే ఏమయ్యేదో.

ఇక లైటు స్విచ్ సంగతి. వెనకాల ఒక టెర్మినల్‌లో రెండు ఎర్రవైర్లు కలిపి ఉన్నాయి, రెండోదాంట్లో ఒక పసుపు వైరు. పసుపు వైరు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఎర్రవైర్లు మాత్రం టెర్మినల్‌కు ఆనుకున్న చోట నల్లబడ్డాయి. తొడుగు గట్టిపడిపోయి, గోటితో నొక్కితే పెళుసుగా పగులుతోంది. రాగి నల్లగా, మెరుపు లేకుండా ఉంది. అక్కడి స్క్రూకు స్క్రూడ్రైవర్ ఆనించగానే తిరిగింది, బిగువు అనేదే లేదు. రెండో ఎర్రవైరు ఎక్కడికి పోతోందో చూస్తే, సాకెట్ స్విచ్‌కు వెళ్తోంది.

తీగలపని:
నేననుకున్నది అదే. దాన్ని మేం లూపింగ్ అంటాం. మెయిన్ నుంచి వచ్చిన ఫేజు ముందు లైటు స్విచ్ టెర్మినల్‌కు వస్తుంది. అక్కడి నుంచి ఇంకో ముక్క వైరు సాకెట్ స్విచ్‌కు వెళ్తుంది. ఆ రెండు వైర్లూ కలిసేది లైటు స్విచ్ టెర్మినల్‌లోనే. కాబట్టి మీ ఇస్త్రీపెట్టె తాగే కరెంటంతా లైటు స్విచ్ స్క్రూ కింద నుంచే వెళ్తోంది. లైటు ఆపి ఉన్నా, వేసి ఉన్నా ఒకటే. ఎందుకంటే అది స్విచ్ కాంటాక్టు దాటదు, టెర్మినల్‌ను తాకి పక్కకు వెళ్ళిపోతుంది. మీ పసుపు వైరు కొత్తదానిలా ఉండటానికి కారణం కూడా ఇదే. దాని మీద బల్బు కరెంటు తప్ప ఏమీ లేదు.

స్క్రూ వదులైతే వైరుకూ ఇత్తడికీ మధ్య ఆనిక పోతుంది. అక్కడ వేడి పుడుతుంది. వేడికి రాగి వ్యాకోచిస్తుంది, చల్లారితే ముడుచుకుంటుంది. రోజూ ఇదే జరిగితే స్క్రూ ఇంకా వదులవుతుంది. ఆనిక ఇంకా తగ్గి వేడి ఇంకా పెరుగుతుంది. అలాగే వదిలేస్తే మంట దాకా వెళ్తుంది.

స్విచ్ మార్చి, అవే మాడిన వైర్లను మళ్ళీ అలాగే దూర్చి బిగిస్తే కొద్దికాలానికే కొత్త స్విచ్ కూడా మాడుతుంది. నల్లబడిన రాగిని మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించేయాలి.

చిన్నరెంచి:
అన్నా, నాకో డౌటు. అంత వేడి పుడుతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదు? ఆర్‌సీసీబీ ఉన్నా పడదా?

దారిదీపం:
మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల దగ్గర సుమారు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. వదులైన టెర్మినల్ దగ్గర అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చేంత. 4.3ను 4.3తో గుణిస్తే 18.5, అందులో సగం అంటే దాదాపు 9 వాట్లు. బఠాణీ గింజంత ఇత్తడి ముక్క మీద, గాలి ఆడని పెట్టెలో 9 వాట్ల వేడి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడంలో వింతేముంది?

ఇప్పుడు ఎంసీబీ వైపు నుంచి చూడండి. దానికి కనిపించేది 4.3 ఆంపియర్లే. నిజానికి ఆ అర ఓమ్ వల్ల కరెంటు ఒక్క పిసరు తగ్గింది కూడా. వోల్టేజీలో నష్టం 2 వోల్టుల పైచిలుకు, ఇస్త్రీపెట్టెకు తేడా తెలియదు. కాబట్టి ఎంసీబీ పడే ప్రసక్తే లేదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల రకమైతే ఆ తేడాకు పడిపోతుంది. ఇక్కడ కరెంటు ఎక్కడా నేలకు కారడం లేదు, కాబట్టి అదీ కదలదు. వదులు జాయింటును పట్టుకునేది మన ముక్కు, చెవి, కన్ను.

ఇంకో మాట. ఆర్‌సీసీబీ ఉంది కదా అని ధైర్యం చేయకండి. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే దానికి మీరూ ఒక బల్బులాగే కనిపిస్తారు. కరెంటు వెళ్ళింది, తిరిగొచ్చింది, అంతే.

రెండోమెట్టు:
ఇదే చర్చలో అడగొచ్చో లేదో గానీ, మా ఇంట్లోనూ స్విచ్ మార్చాకే సమస్య మొదలైంది. మెట్ల దగ్గర ఒకే లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. పై స్విచ్ పాడైతే పనివాడిని పిలిచి మార్పించాం. అప్పటి నుంచి కింది స్విచ్ ఒక పక్కకు ఉంటేనే పై స్విచ్ పనిచేస్తోంది. రెండో పక్కకు ఉంటే పైన ఎంత నొక్కినా లైటు రాదు. చీకట్లో దిగాలంటే మా నాన్నగారికి కష్టంగా ఉంది. కొత్త స్విచ్చే పాడా?

తీగలపని:
స్విచ్ బాగానే ఉంది, వైర్లు మారాయి. టూ వే స్విచ్ వెనక మూడు టెర్మినళ్ళు ఉంటాయి. ఒకటి కామన్, మిగతా రెండు అటూ ఇటూ. మీట ఒక పక్కకు వేస్తే కామన్ ఒకదాంతో కలుస్తుంది, రెండో పక్కకు వేస్తే రెండోదాంతో. కింది స్విచ్ కామన్‌కు ఫేజు వస్తుంది, పై స్విచ్ కామన్ నుంచి బల్బుకు వైరు పోతుంది. రెండు స్విచ్‌ల మధ్య రెండు జంట వైర్లు నడుస్తాయి. ఫేజు ఏ జంట వైరులోకి వెళ్ళాలో కింది స్విచ్ చెప్తుంది, ఏ జంట వైరు నుంచి తీసుకోవాలో పై స్విచ్ చెప్తుంది. రెండూ ఒకే వైరును పట్టుకుంటే లైటు వెలుగుతుంది.

మీ పై స్విచ్‌లో బల్బు వైరు కామన్‌లో ఉండాల్సింది పోయి పక్క టెర్మినల్‌లో పడింది, ఒక జంట వైరు కామన్‌లోకి వచ్చింది. అప్పుడు మీట ఒక పక్కకు వేస్తే ఆ ఒక్క జంట వైరు బల్బుతో కలుస్తుంది. రెండో పక్కకు వేస్తే జంట వైర్లు రెండూ ఒకదాంతో ఒకటి కలిసి బల్బు ఒంటరిగా మిగిలిపోతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. జంట వైర్లు రెండూ ఒకదానికొకటి మారితే ఏ ఇబ్బందీ లేదు, కామన్ మారితేనే ఇలా అవుతుంది.

సాధారణంగా కామన్ మధ్యలో ఉంటుందని చెప్తారు. అన్ని స్విచ్‌లకూ అది వర్తించదు. వెనకాల అచ్చువేసిన గుర్తు చూడాలి, లేదా మీటరును బీప్‌లో (రెండు మొనల మధ్య కరెంటుకు దారి ఉంటే మోగే అమరికలో) పెట్టి మీట అటూ ఇటూ వేసి చూడాలి. రెండు స్థానాల్లోనూ బీప్ అయ్యే జోడీల్లో రెండిట్లోనూ ఉండే టెర్మినల్ కామన్.

రెండోమెట్టు:
ఇప్పుడు అర్థమైందండీ. మరి మూడు వైర్లలో బల్బుది ఏదో ఎలా కనుక్కోవాలి? మూడూ ఒకే ఎరుపు.

తీగలపని:
కరెంటు పూర్తిగా ఆపి కనుక్కునే పద్ధతి చెప్తాను. మెయిన్, ఇన్వర్టర్ ఆపి, పై స్విచ్‌లో మూడు వైర్లూ తీసి విడివిడిగా ఉంచండి. బల్బు తీసేయండి. పొడవాటి వైరు ముక్క ఒకటి తీసుకుని ఒక కొనను హోల్డర్‌లో ఫేజు వైపు టెర్మినల్‌కు, రెండో కొనను మీటరుకు కలపండి. మీటరు రెండో మొనను మూడు వైర్లకూ ఒక్కొక్కటిగా ఆనించండి. ఏది బీప్ అంటుందో గుర్తుపెట్టుకోండి.

తర్వాత కింది స్విచ్‌ను రెండో స్థానంలోకి వేసి మళ్ళీ చూడండి. ఒకే వైరు రెండు స్థానాల్లోనూ మోగితేనే అది బల్బు వైరు, కొత్త స్విచ్ కామన్‌లోకి అదే వెళ్ళాలి. స్థానాన్ని బట్టి మారుతూ మోగితే బల్బు వైరు కింది స్విచ్‌కు వెళ్తోందని అర్థం. మీ ఇంట్లో ఫేజు పైనుంచి వస్తోందన్నమాట. అలాంటప్పుడు పైన ఎప్పుడూ మోగని మూడో వైరు కామన్‌కు వెళ్ళాలి.

కరెంటు ఇచ్చి టెస్టర్‌తో వెతకొద్దని చెప్పేది ఇందుకే. జంట వైర్లు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి కరెంటు లేని వైరు మీద కూడా టెస్టర్ సన్నగా వెలిగి మోసం చేస్తుంది.

దారిదీపం:
టూ వే ఉన్న ఇళ్ళలో ఆపేశాక కూడా ఎల్ఈడీ బల్బు సన్నగా మిణుకుమనడానికి అదొక కారణం. ఇండికేటర్ లైటు ఉన్న స్విచ్‌లతోనూ అలా జరుగుతుంది. అయితే ముందు చూడాల్సింది వేరే ఉంది. స్విచ్ ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ఉన్నా ఇలాగే వెలగొచ్చు. అలా ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు మారుస్తూ చెయ్యి తగిలిందంటే షాకే. దాన్ని మాత్రం వెంటనే సరిచేయించండి.

మల్లెపందిరి:
రేపు కొత్త స్విచ్ పెట్టబోతున్నాను. లూపు వైర్లు కత్తిరిస్తే పొట్టిగా మిగిలేలా ఉన్నాయి, టెర్మినల్ దాకా రావడం కష్టం. ఏం చేయాలి?

తీగలపని:
నిజానికి అదే మేలు. మెయిన్ నుంచి వచ్చే ఎర్రవైరు, సాకెట్‌కు వెళ్ళే ఎర్రవైరు, ఇంకో చిన్న ముక్క ఎర్రవైరు, ఈ మూడింటినీ మంచి కనెక్టర్‌లో కలపండి. ఆ ముక్క వైరు ఒక్కటే లైటు స్విచ్‌కు వెళ్ళాలి. అప్పుడు ఇస్త్రీపెట్టె కరెంటు లైటు స్విచ్ జోలికే రాదు. తర్వాతెప్పుడైనా స్విచ్ విప్పినా సాకెట్ ఆగదు. ముక్క వైరు కూడా పాతదాని మందమే ఉండాలి, సన్నది వాడొద్దు. కనెక్టర్ బోర్డు పెట్టె లోపలే కూర్చోవాలి, గోడలో దూర్చేయకండి.

ఒకవేళ పాత పద్ధతిలోనే రెండు ఎర్రవైర్లూ టెర్మినల్‌లో పెడితే, రెండూ ఒకే టెర్మినల్‌లో ఉండాలి. ఒకటి పసుపు వైరు పక్కకు వెళ్ళిందంటే లైటు వేస్తేనే ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంది. చిన్నరెంచి అన్నట్టు రెండు టెర్మినళ్ళూ అటూ ఇటూ మార్చుకోవచ్చు, జంటను మాత్రం విడదీయకూడదు.

తొడుగు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఒలిస్తే చాలు. స్క్రూ కింద తొడుగు పడకూడదు, టెర్మినల్ బయట రాగి కనపడకూడదు. బిగించాక ప్రతి వైరునూ పట్టుకుని లాగి చూడండి.

చిన్నరెంచి:
సన్నపోగుల వైరుకు కొసన సోల్డర్ పూస్తే గట్టిగా ఉంటుంది కదన్నా?

తీగలపని:
స్క్రూ కింద పెట్టే వైరుకు సోల్డర్ వద్దు తమ్ముడూ. సోల్డర్ మెత్తని లోహం. స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా పక్కకు జారిపోతుంది. ఈరోజు బిగువుగా ఉన్న స్క్రూ కొన్నాళ్ళకు దానంతటదే వదులవుతుంది. పోగులను బాగా మెలిపెట్టు, వీలైతే కొసకు ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి నొక్కు.

రెండోమెట్టు:
మా మెట్ల లైటు సరిపోయిందండీ. హోల్డర్ నుంచి వైరు లాగి చూస్తే మొదటి స్థానంలోనూ రెండో స్థానంలోనూ ఒకే వైరు మోగింది. అది కామన్‌లో లేదు, పక్కన ఉంది. మార్చగానే రెండు స్విచ్‌లూ ఎటు వేసినా పనిచేస్తున్నాయి. నాన్నగారు పైకీ కిందికీ వెళ్ళి చూసి వచ్చారు. తీగలపని గారికి చాలా థాంక్స్.

మల్లెపందిరి:
నాది కూడా అయింది. కనెక్టర్ పెట్టి, ముక్క వైరు స్విచ్‌కు ఇచ్చాను. శబ్దం లేదు, మిణుకు లేదు. బట్టలన్నీ ఇస్త్రీ చేసి, వెంటనే స్విచ్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. కానీ సాకెట్ పక్క మాత్రం కాస్త గోరువెచ్చగా అనిపించింది. అది మామూలేనా?

తీగలపని:
ఇస్త్రీపెట్టె ప్లగ్గు పిన్నులు చూడండి. ఏదైనా పిన్ను నల్లబడి ఉందా? ప్లగ్గు పెడితే గట్టిగా పట్టుకుంటోందా, వేలాడుతోందా?

మల్లెపందిరి:
ఒక పిన్ను మొదలు దగ్గర నల్లగా ఉంది. ప్లగ్గు కూడా వదులుగా వేలాడుతోంది, ముట్టుకుంటే ఊగుతుంది.

తీగలపని:
సాకెట్ లోపలి పట్టు పోయింది. జరుగుతున్నది అదే జబ్బు, చోటు మారిందంతే. సాకెట్, ప్లగ్గు రెండూ కలిపి మార్చండి. నల్లబడిన పిన్నును కొత్త సాకెట్‌లో పెడితే దాన్నీ పాడుచేస్తుంది. సాకెట్ స్విచ్ టెర్మినళ్ళు కూడా విప్పి చూడండి, లూపు రెండో కొన అక్కడే ఉంది. అప్పటిదాకా ఇస్త్రీ వేరే గదిలో చేసుకోండి.

మల్లెపందిరి:
అలాగేనండీ. సాకెట్ స్విచ్‌లో లూపు కొన కూడా కొంచెం నల్లబడి ఉంది, దాన్ని కత్తిరించి కొత్త సాకెట్, కొత్త ప్లగ్గు పెట్టాను. ఇందాకే ఇస్త్రీ ముగించి బోర్డంతా చేత్తో తడిమి చూశాను. ఎక్కడా వేడి లేదు.